మేం లేవలేదు

కాంట్రాక్టరు మనుషులు బట్టలారేసే తీగలు తెంపుతుంటే నేను దుప్పట్ల వెనకాలే ఉన్నాను. ఉడకబెట్టి, బాది, పిండి ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు ఒక్కొక్కటిగా బురదలో పడ్డాయి. పక్కింటి అత్త అడ్డుపడితే ఒకడు మోచేత్తో నెట్టాడు. ఆమె తొట్టి అంచు మీద పడింది. మణికట్టు విరిగింది. నేను కేకైనా వెయ్యలేదు. నన్నూ నెడితే నా కూతురి గతేమిటని దుప్పటి చాటునే ఉండిపోయాను.

మా వీధంతా ఆసుపత్రులకీ లాడ్జీలకీ బట్టలుతికి బతుకుతాం. ఆరేసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క జాగానే. అది మునిసిపాలిటీది. అక్కడ కార్లు నిలిపే చోటు కడతామని కాంట్రాక్టరు తిరుగుతున్నాడు.

అత్త చేతికి కట్టు కట్టించుకొచ్చిన సాయంత్రం నా కూతురు వీధిలో కుర్రకారుని పోగేసింది.

"మునిసిపాలిటీతో మనకేం పనే? ఓటేశాం, అయిపోయింది" అన్నాడు సోడాబండి వాడు.

"అందుకే తీగలు తెంపారు. పద్దెనిమిది నిండినవాళ్లెవరైనా వార్డు సభకెళ్లొచ్చు. మాట్లాడొచ్చు. మనం వెళ్లని సభలో మన జాగా పంచుకుంటున్నారు" అంది నా కూతురు.

నేను దాన్ని లోపలికి లాక్కొచ్చి తలుపేశాను. "నీకెందుకే ఇవన్నీ? పోలీసులొస్తే? చదువు మానిపిస్తే?"

"జాగా పోతే చదువెట్టా సాగుతుందమ్మా?"

నేను గడియ కూడా పెట్టాను.

సభకు అందరం వెళ్లాం. బల్లలున్నాయి. కూర్చోబోయిన పిల్లని నేనే రెక్కపట్టి లేపాను. "పెద్దసార్ల ముందు కూర్చుంటావా?" మా వీధివాళ్లంతా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆఫీసులో మేమెప్పుడూ అంతే. కూర్చోమని ఎవరన్నారు గనక?

చైర్మన్ కాగితం చదివాడు. "జాగా పార్కింగుకి ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడండి."

బల్లల మీదున్న కాంట్రాక్టరు మనుషులు లేచారు. గుమాస్తా వాళ్లని లెక్కపెట్టాడు. తర్వాత గోడవైపు తిరిగి మమ్మల్నీ లెక్కపెట్టాడు.

"మేం ఒప్పుకోలేదు!" అని అరిచింది నా కూతురు.

"నిలబడే ఉన్నారు కదమ్మా" అన్నాడు చైర్మన్. హాలంతా నవ్వింది. నా చెయ్యింకా పిల్ల రెక్క మీదే ఉంది.

వచ్చే సభలో రెండోసారి ఒప్పుకుంటేనే అది ఖాయమవుతుందట. ఆ ఒక్క సందు మిగిలింది.

ఇక మా వీధిలో చిత్రమైన బడి మొదలైంది. పిల్లలు ఇళ్లలోంచి పీటలు, కుర్చీలు తెచ్చి తొట్ల మధ్య వేశారు. సోడాబండి వాడు చైర్మన్‌లా గొంతు సవరించుకుంటూ వస్తాడు. పెద్దవాళ్లు కూర్చునే ఉండాలి. ఇస్త్రీ మామయ్య ప్రతిసారీ దిగ్గున లేచేవాడు.

"కూర్చో మామా!"

"నేను లేవట్లేదురా, నా మోకాళ్లు లేస్తున్నాయి!"

"వాటిక్కూడా ఓటుందనుకున్నాయేమో" అంది అత్త, విరిగిన చేతిని పొట్టకి అదుముకుని నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. ముందురోజే కాంట్రాక్టరు మనిషి మా గుమ్మం ముందు బండాపి, "మీ అమ్మాయి కాలేజీ అయ్యాక లాడ్జీలో పని చేసుకుని ఒక్కతే వస్తుందా అక్కా? వీధిలైట్లు సరిగ్గా లేవు" అని మర్యాదగానే అడిగి వెళ్లాడు. బండి మలుపు తిరిగేదాకా నేను గుమ్మం వదల్లేదు.

కూతురితో చెప్పి, ఇవన్నీ మానెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను. "ఒక్కదాన్ని వెళ్తే భయపడాలమ్మా. అందుకే అందర్నీ పిలుస్తున్నాను" అంది. ఆ రోజు నుంచి వీధి పిల్లలు గుంపుగా వెళ్లి దాన్ని లాడ్జీ నుంచి తీసుకొచ్చేవారు. నాకు భయం తగ్గలేదు. ఒక పిల్లకి బదులు అందరి పిల్లల కోసం భయపడ్డాను.

రెండో సభకి వెళ్లేసరికి హాల్లో బల్లల్లేవు. అన్నీ తీసేశారు. నేలంతా నీళ్లు.

"ఇప్పుడే కడిగించాం. నిలబడండి" అన్నాడు గుమాస్తా, మా మొహాల వైపు చూడకుండా.

అత్త ఆ నీళ్ల వంక చూసింది. "పుట్టినప్పట్నించీ నీళ్లలోనే ఉన్నాంరా నాయనా" అంటూ చీర ఎగదోపుకుని చతికిలబడింది. ఇస్త్రీ మామయ్య కూర్చున్నాడు. పిల్లలంతా కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. బయట పోలీసు వ్యాను కనబడుతోంది.

"ఒప్పుకునేవాళ్లు లేవండి" అన్నాడు చైర్మన్.

"ముందు అత్తని నెట్టిందెవరో చెప్పండి" అంది నా కూతురు, కూర్చునే.

చైర్మన్ చెయ్యూపాడు. ఇద్దరు పోలీసులొచ్చి దాని చంకల్లో చేతులేసి లేపబోయారు. అది కాళ్లు ఆనించలేదు. తడి దుప్పటిలా బరువుగా వేలాడింది. "చూడండి, నేను లేవలేదు! లెక్కలో రాయకండి!" అని అరుస్తూనే ఉంది. నా ముందునుంచే ఈడ్చుకెళ్లారు. చెప్పు ఒకటి నా కాళ్ల దగ్గర పడింది.

వెనకాల పరిగెత్తాలనిపించింది. ఆ పెద్దమనుషుల కాళ్ల మీద పడాలనిపించింది. కాంట్రాక్టరు మనిషి నన్నే చూస్తున్నాడు. మా వీధివాళ్లలో నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. గుమాస్తా వేలు నా వైపు తిరుగుతోంది.

చెప్పు తీసుకుని ఒళ్లో పెట్టుకుని నీళ్లలో కూర్చున్నాను. ధైర్యం వచ్చిందని మీరనుకోవద్దు. రాలేదు.

నిలబడ్డవాళ్లకంటే కూర్చున్నవాళ్లే ఎక్కువయ్యారు. గుమాస్తా లెక్క పూర్తి చేసి చైర్మన్ చెవిలో ఏదో చెప్పాడు. చైర్మన్ మొహం మాడిపోయింది. "తీర్మానం వీగిపోయింది. సభ ముగిసింది. ఇక లేవండి."

ఎవరూ లేవలేదు.

"చెవుడా? లేవమంటుంటే!"

"మా పిల్లని తీసుకురండి. లేస్తాం" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఇస్త్రీ మామయ్య మోకాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "అవునండీ, అప్పటిదాకా ఇవి కూడా లేవవు" అన్నాడు.

పిల్లనెక్కించుకుని వ్యాను కదిలిన చప్పుడైంది. కాసేపటికి గుమ్మంలో అలికిడి. పోలీసులే అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే పిల్లలు. మా వీధి వాళ్లు కాదు. బస్సు షెడ్డు వెనక వీధి వాళ్లు, మార్కెట్లో మూటలు మోసేవాళ్లు. దాన్ని వ్యానెక్కించడం చూసి వచ్చారు. ముఖాల్లో నాకున్నంత భయమే.

"పిన్నీ, కాస్త జరుగుతావా?" అంది ఒక పిల్ల, చెప్పులు విప్పుతూ.

వణుకుతూనే జరిగాను.