సేపల గచ్చు మీద

కళింగపట్నంలో సేపలు ఎండబెట్టుకునే సిమెంటు గచ్చు ఒకటున్నాది. పొద్దెక్కితే దాన్నిండా సేపలే. తెల్లారగట్ల మాత్రం అది మా స్కేటింగోల్లది. మంచు కమ్మీసి సముద్రం అవుపించదు, హోరు మాత్రం వస్తంటాది. ఆ తెల్లదనంలో సక్రాల బూట్లేసుకుని జారతంటే కాళ్ళకింద నేలున్నట్టే ఉండదు. నేనెక్కడున్నానో, నా వయసెంతో కూడా మరిసిపోతాను.

నా పేరు స్వర్ణ. ఫిగర్ స్కేటింగులో ఆరేళ్ళు పోటీలు సేసినాను, ఇప్పుడు కోచ్‌ని. ఈ గచ్చు మీదే నేర్సుకుని, ఉత్తరాదిన గడ్డకట్టిన మంచు రింకు దాకా ఎల్లినాను. ఆ మంచు మీద మొదట అడుగెట్టిన రోజు... ఓలమ్మ! గాల్లో తేలిపోతన్నట్టే ఉండీది. ఏడుపొచ్చీసింది, నిజం. కానీ జాతీయ పోటీల్లో మూడుసార్లు డబుల్ జంప్, అంటే గాల్లో రెండు సుట్లు తిరిగీ ఎగురుడు సేసినాను, మూడుసార్లూ ఎనక్కి పడ్డాను. "నీకు భయం" అన్నారందరూ. నేనూ అదే నమ్మి బూట్లిప్పీసినాను.

భయమా, నా బొంద! ఇంటికొచ్చినాక ఒకరోజు సేపలమ్ముకునే జగ్గమ్మత్త గచ్చు కడుగుతుంటే సూసినాను. పోసిన నీల్లన్నీ సముద్రం వైపే పారతన్నాయి. నీల్లు నిలవకుండా గచ్చుని వాలుగా కట్టినారు మరి. అంత సిన్న వాలు కంటికి తెలీదు, ఒంటికి తెలుస్తాది. రోజూ సముద్రం వైపే జారి ఎగిరీదాన్ని. వాలు తోసీది, నేను ఎనక్కి ఒరిగి ఆపుకునీదాన్ని. ఆ ఒరుగుడు నాతోపాటు మంచు మీదకీ వచ్చీసింది. ఆరేళ్ళు అలగ నాశనమైపోనాయి. ఆ తడిలోనే కూలబడి ఏడ్సినాను.

జగ్గమ్మత్త మనవరాలు రేఖకి పన్నెండేళ్ళు. ఆ గుంట గాల్లోకి లేస్తే కిందకి దిగడం మరిసిపోద్దేమో అనిపిస్తాది. దానికి నా రోగం అంటనివ్వకూడదనుకున్నాను. ఒకరోజు సముద్రం వైపు ఎగిరిస్తే, మర్నాడు సరుగుడు తోట వైపు, వాలుకి ఎదురెక్కిస్తా ఎగిరించినాను. రెండేళ్ళు ఇదే పని.

"ఎదురెక్కలేనక్కా" అని ఏడ్సీది.

"ఏడు. ఏడుస్తానే ఎగురు" అనీదాన్ని.

జగ్గమ్మత్త గంప దించి, "పిల్ల నడుం ఇరగ్గొట్టీస్తావేటే?" అని తిట్టీది. అయినా రోజూ ఆ పిల్లని లేపి పంపినాది కూడా ఆవిడే.

మొన్న విజయనగరంలో ఎంపిక పోటీలు పెట్టినారు. నెగ్గినోల్లని మంచు రింకుకి పంపుతారు. హాలు నేల నున్నగా, ఎక్కడా వాలు లేకుండా ఉన్నాది. నేనూ జగ్గమ్మత్తా పక్కనే ప్లాస్టిక్ కుర్చీల్లో కూకున్నాం. రేఖ కూడా పడిపోతే తప్పు నాదే గదా, రెండేళ్ళు నేర్పింది నేనే గదా.

పాట మొదలైనాది. రేఖ జారతన్నాది. గోడలు, జనం, మైకులో గొంతు అన్నీ మెల్లిగా ఎనక్కి పోనాయి. నాకు మళ్ళీ తెల్లారగట్ల మంచే. నా కాళ్ళు కూడా కుర్చీ కింద జారతన్నాయి. ఏ జంపు ఎప్పుడొస్తాదో నా ఒంటికి తెలుసు. ఇదిగో, ఇప్పుడే. రేఖ లేసినాది. గాల్లో ఒక సుట్టు, రెండో సుట్టు.

దబ్బుమని సప్పుడు.

"ఓలమ్మోలమ్మ!" అని జగ్గమ్మత్త అరిసినాది.

హాల్లో అందరూ అటు సూడ్డం మానేసి ఇటు తిరిగినారు. రేఖ ఒంటికాలి మీద, నిటారుగా, సేతులు బార్లా సాపుకుని జారిపోతన్నాది. కుర్చీతో సహా ఎల్లకిలా పడింది నేను. అది ఎగిరినప్పుడు నా ఒళ్ళు దానంతటదే ఎనక్కి ఒరిగీసినాది.

"అదెగిరితే నువ్వు పడిపోనావేటే పిచ్చిదానా!" అని జగ్గమ్మత్త నా రెక్కట్టుకుని లాగినాది.

నవ్వొస్తన్నాది, ఏడుపొస్తన్నాది. నేల మీదనుంచే సూసినాను. నా పిల్ల పడనేదు.

"ఉండత్తా" అన్నాను. "దానిది అయిపోనీ, అప్పుడు లేస్తాను."