రెండు సగాల ఉపవాసం

మా అత్తగారు మధ్యాహ్నం పూట వేసుకోవాల్సిన మాత్రలు పుదీనా కుండీలో దొరికాయి. వేలితో మట్టి కెలికితే ఇంకా కొన్ని బయటపడ్డాయి. రంజాన్ మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ వాటిని మింగకుండా దొంగతనంగా ఉపవాసం ఉంటోందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆవిడది చక్కెర జబ్బు. ఈ ఎండల్లో ఉపవాసాలుంటే మనిషి దక్కదని డాక్టరు నా ఎదుటే, మా ఆయన ఇద్రీస్ ఎదుటే తేల్చి చెప్పాడు. అప్పుడు బుద్ధిమంతురాలిలా తలూపి వచ్చింది. మా వైపు పెద్దావిడల్ని గౌరవంగా లల్లా అంటాం, నేనూ ఆవిడ్ని అలాగే పిలుస్తాను.

"లల్లా, ఏంటివి?" అని గుప్పిట విప్పి చూపించాను.

"మొక్క నీరసంగా ఉంటేనూ," అంది. నాకు నవ్వు రాలేదు.

"జబ్బు మనిషికి ఉపవాసం అక్కర్లేదని మసీదు పెద్దాయన చెప్పలేదా? బదులుగా బీదవాళ్లకి అన్నం పెట్టమన్నాడు కదా!"

"చెప్పాడు, జబ్బు మనుషులకి. నాకేం జబ్బు? నువ్వూ నీ మొగుడూ కలిసి నన్ను మూల కూర్చోబెడదామని చూస్తున్నారు. ఊహ తెలిశాక ఒక్క రంజాన్లోనూ ఉపవాసం మానలేదు నేను. ఇంటిల్లిపాదీ ఆకలితో ఉంటే నేనొక్కదాన్నీ నోరాడించుకుంటూ కూర్చోనా? సిగ్గులేదూ నాకు?"

ఇద్రీస్ బతిమాలాడు, అరిచాడు, ఆఖరికి ఏడ్చాడు. ఆవిడ పట్టు వదల్లేదు. ఇంట్లో ఆవిడ చెవికెక్కేది ఒక్కరి మాటే, నా కూతురు షామాది.

షామాకి ముందు పళ్లు ఊడిపోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. తనూ పెద్దవాళ్లలా ఉపవాసం ఉంటానని ఒకటే పేచీ. మా సలే ఊళ్లో నానమ్మలందరూ చెప్పేదే ఆవిడా చెప్పింది. ఒకరోజు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఉండు, మర్నాడు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉండు, రెండు సగాలూ తెచ్చిస్తే కలిపి కుట్టి నిండు ఉపవాసం చేసిస్తాను అంది.

నిజంగానే కుట్టేది కూడా. లేని సూదిలోకి లేని దారం ఎక్కించి, కన్ను చికిలించి, పిల్ల పొట్ట మీద గాలిలో కుట్లు వేసేది. చివర ముడి వేసి దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికేది. అంతసేపూ షామా ఊపిరి బిగబట్టి నిలబడేది. ఒకరోజు తేనె మిఠాయి నాకి, గడ్డానికి నువ్వుపప్పుతో వచ్చింది.

"నానమ్మా, నా కుట్టు కొంచెం వదులైందేమో చూడవా?"

"అయ్యో, ఎలుక కొరికినట్టుందే!" అని ఆవిడ ఇంకో రెండు కుట్లు గట్టిగా బిగించింది.

మాత్రలు దొరికిన మర్నాడు, హరీరా చారు కోసం నానిన శనగల పొట్టు తీస్తూ తీస్తూ ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమట. పక్కింటివాళ్లని డాక్టరు కోసం పరిగెత్తించాను. గొంతుకి అడ్డం పడతాయేమోనని కట్టుడు పళ్లు తీసి గిన్నెలో వేశాను. పొద్దుటి మాత్ర వేసుకుని ఏమీ తినకపోయేసరికి ఒంట్లో చక్కెర బాగా పడిపోయినట్టుంది, చక్కెర నీళ్లు కలిపి నోటికి అందించాను. తెలివి ఉంది గానీ, పెదవులు బిగించేసింది.

"తాగండి లల్లా! మీ కాళ్లు పట్టుకుంటాను. పోతారు మీరు!"

"పోతే ఉపవాసంతోనే పోతాను," అని గొణిగి మళ్లీ నోరు మూసేసింది. సాయంత్రం అజాన్‌కి ఇంకా చాలా పొద్దుంది, అది వినిపిస్తే గానీ ఉపవాసం విడవరు. గ్లాసు మళ్లీ పెదవులకి ఆనిస్తే నీళ్లు ఆవిడ మెడ మీద ఒలికాయి. కోపమూ భయమూ కలిసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

షామా వచ్చి ఆవిడ తల దగ్గర కూర్చుంది.

"నానమ్మా, ఇవాళ నాది మధ్యాహ్నం సగం. అన్నం తిన్నాక ఏమీ ముట్టలేదు, ఒట్టు. నువ్వు పొద్దుట్నుంచి ఉన్నావుగా, నీది పొద్దుటి సగం. నీళ్లు తాగెయ్. సాయంత్రం దాకా నేనుంటా. రెండూ కలిపి కుట్టేద్దాం."

"ఇద్దరివీ అతకవే, తల్లీ."

"నా గౌనుకి నీ పాత కఫ్తాన్ ముక్క వేసి కుట్టలేదూ? అతికిందిగా!" అంది షామా. అంతలోనే దాని మొహం చిన్నబోయింది. "అయితే నావి కూడా అతకలేదా నానమ్మా? ఊరికే అన్నావా?"

ఆవిడ కళ్లు తెరిచింది. పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు ఆవిడ నోరు తెరిచింది. గుక్క గుక్కగా గ్లాసంతా తాగింది.

డాక్టరు వచ్చి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

షామా పెదవులు ఎండబెట్టుకుని నానమ్మ పక్కనే కాపలా కూర్చుంది. మొహం కడుగుతానన్నా ఒప్పుకోలేదు. "నోట్లోకి చుక్క పోతే నానమ్మది కూడా పాడైపోతుంది," అంది. అజాన్ వినిపించగానే ఆవిడ మొదటి ఖర్జూరం పిల్ల నోట్లో పెట్టింది.

అప్పుడు షామా సూది తీసింది. నాలుక బయటపెట్టి, ఇద్దరి పొట్టల మధ్యా బారెడు బారెడు కుట్లు వేసింది. ముడి కూడా వేసింది.

"నానమ్మా, నాకు పళ్లు లేవు. దారం నువ్వు కొరుకు."

"నావి గిన్నెలో ఉన్నాయే," అంది ఆవిడ బోసినోటితో. "రేపు కూడా నీ సగం ఇస్తావా? ఎల్లుండి కూడా? ఇక నా ఒక్కదాని వల్ల కాదే," అంది.

"ఇస్తాలే. ముందు ఇది తెంపాలి కదా!"

ఇద్దరూ నా వైపు చూశారు. ఇలాంటి వేషాలంటే నాకు మొదట్నుంచీ చిరాకు. వంగి, వాళ్లిద్దరి మధ్యనున్న గాలిని పళ్లతో కొరికాను. కళ్లనీళ్లు ఆగలేదు.

"తెగలేదమ్మా," అంది షామా. "గట్టిగా."

మళ్లీ కొరికాను.