రంగుల గదిలో నీళ్లు

సీలు తీయని సీసాలోకి వాసన ఎలా పోతుంది? పోదు. మూత బిగించే ఉంది, తేదీ ఇంకా దాటలేదు. ఇదంతా ఆవిడ చాదస్తం.

ఉదయం నుంచి పెయింటరు తనలో తాను ఈ మాటే తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాడు. ఎంత చెప్పుకున్నా నిలవడం లేదు. ఎదురుగా మంచం మీద భార్య ఉంది. నిన్న వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఒంట్లో నీళ్లు లేవన్నారు డాక్టరు.

ఇంట్లో పద్నాలుగు పెట్టెల నీళ్లుండగా!

రెండేళ్ల కిందట వీధి గొట్టం పగిలి తొమ్మిది రోజులు చుక్క నీరు రాలేదు. కుళాయిలో ఇప్పటికీ పచ్చటి నీళ్లే. ఆ భయంతోనే అతను దొరికినప్పుడల్లా సీసాల పెట్టెలు తెచ్చి, తాళం పడే గది అదొక్కటే కనుక, రంగుల గదిలో పేర్చాడు. పక్కన రంగుల్లో కలిపే థిన్నరు డబ్బాలు, పైన ఎండకు కాలే రేకు. ఆ వరసలు చూసుకుంటే అతనికి గుండె నిబ్బరంగా ఉండేది.

"ఈ నీళ్లు గొంతు దిగవండీ, థిన్నరు కంపు," అనేది భార్య. అతను గటగటా తాగి చూపించి, "ఏదీ, నాకు రాదే!" అనేవాడు. ఆవిడ ముందు చెప్పడం మానేసింది. తర్వాత తాగడం తగ్గించేసింది.

డాక్టరు పంపగా సాయంత్రం వచ్చిన నర్సు మందు వేయడానికి నీళ్ల సీసా మూత తీసి, వాసనకు ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇవెక్కడ పెట్టారు బాబాయ్?"

చెప్పాడు. "సీలు ఉంది కదమ్మా!"

"సీలు మూతకే. ప్లాస్టిక్కు గుండా ఆవిర్లు మెల్లగా లోపలికి దూరతాయి. వేడి తగిలితే మరీను."

"మరి నాకు వాసన రాదేం?"

"ముప్పై ఏళ్లు రంగులు పీల్చిన ముక్కు!" అంది భార్య మంచం మీంచి. "మొన్న కూర మాడి ఇల్లంతా పొగైతే, వంట అయిందా అని అడిగారు. ఆ ముక్కు సాక్ష్యం నమ్మి నేనీ నీళ్లు తాగాలా?"

నర్సు నవ్వింది. అతను నవ్వలేదు. ముక్కు ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. తన ముక్కుకు తెలియని వాసన లేనే లేదనుకున్నాడు. ఆవిడ నీళ్లకు వంక పెడితే తన భయానికే వంక పెట్టినట్టు ఉడుక్కున్నాడు.

"వీటినేం చేయమంటావమ్మా?"

"తాగొద్దు, నేల కడుక్కోండి. కొత్తవి ఎండ తగలని చల్లని చోట పెట్టండి. రంగులు, కిరసనాయిలు, పురుగుమందు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ముందు కొన్నవి ముందు వాడండి, తేదీ దాటనివ్వకండి. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో ఉన్నా రెండు మూడు రోజులే." సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది. "నీళ్లు దాచడం ఒక్కటే చాలదు బాబాయ్. తాగేవాళ్లు బాగాలేవంటే వినాలి కూడా."

మర్నాడు అతను రెండే పెట్టెలు తెచ్చాడు. ఎండ రాని వెనకగదిలో బల్ల మీద పెట్టి, అట్టమీద పెన్సిలుతో తేదీ వేశాడు. ఒక సీసా మూత తిప్పి, అలవాటుగా నోటిదాకా తెచ్చుకుని ఆగాడు. గ్లాసులో పోసి భార్య చేతికిచ్చాడు.

"నువ్వు చూసి చెప్పు," అని, ఆవిడ చెప్పేదాకా నిలబడ్డాడు.