ఎల్మో చేసిన గాలిగొట్టం

వెర్నన్ ప్రెజాన్ మిసిసిపీ నది మీద టగ్‌బోట్లలో ఇంజిన్లు చూసుకుని రిటైరైనవాడు. అతని భార్య ఒడీల్‌కు తమ్ముడు ఎల్మో. పెద్ద పెద్ద భవనాల్లో ఏసీ గాలి తిరిగే రేకు గొట్టాలు చేసేవాడు. మా గడ్డి రన్‌వే పక్కన వాళ్ల షెడ్డుకూ నా షెడ్డుకూ మధ్య ఒకటే రేకు గోడ. అందుకని ఆ బావాబావమరుదులు విమానం కడుతున్నంత కాలం వాళ్ల సుత్తి చప్పుళ్లూ, ఎత్తిపొడుపులూ అన్నీ నా చెవిన పడేవి.

విమానం ఇద్దరు కూర్చునేది. ఇంజిన్ మాత్రం విమానాలది కాదు. గుద్దుకుని తుక్కయిన ఒక స్పోర్ట్స్ కారు నుంచి తీసిన రోటరీ. దాంట్లో పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు ఉండవు, మూడు మూలల రోటర్లు తిరుగుతూ ఉంటాయి. కుదుపు తక్కువ, వేడి ఎక్కువ. నీళ్లనూ చల్లబరచాలి, నూనెనూ చల్లబరచాలి. నేల వదిలి పైకెక్కేటప్పుడు పూర్తి బలంతో లాగుతుంది కదా, లూసియానా ఎండల్లో అసలు పరీక్ష అప్పుడే.

ఆ చల్లబరిచే పనిని ఎల్మో నెత్తికెత్తుకున్నాడు. రేడియేటరుకూ నూనె కూలరుకూ గాలి తీసుకెళ్లే గొట్టం ముందు అట్టతో చేశాడు, తర్వాత తగరపు రేకుతో, చివరికి అల్యూమినియంతో.

"నోరు ఇంత చిన్నదా? దీంట్లో ఈగ కూడా దూరదు" అన్నాడు వెర్నన్.

"నోరు చిన్నగా, కడుపు పెద్దగా ఉండాలి బావా. గాలి లోపలికొచ్చి నిదానిస్తేనే వేడిని మోసుకుపోతుంది. నీకు రెండూ పెద్దవే, అందుకే నీకు అర్థం కావట్లేదు."

ఆ గొట్టం వంపులు చూస్తే చెయ్యి పెట్టి నిమరాలనిపించేది. ఎక్కడా అతుకు కనపడదు. రన్‌వేకి ఎవరొచ్చినా ఎల్మో ఏదో వంకతో వాళ్లను విమానం ముక్కు దగ్గరికి తీసుకొచ్చేవాడు. ఒకసారి ఒడీల్ నాతో అంది: "ఇన్నేళ్లూ వాడు చేసిందంతా సీలింగుల వెనకాలే పోయింది. నలుగురూ చూసేది ఇదొక్కటే."

మొదటిసారి ఎగరేసిన రోజు వెర్నన్ ఒక్క చుట్టు తిరిగి దిగిపోయాడు. మొహం పాలిపోయి ఉంది. నీళ్ల వేడి మామూలుగానే ఉంది. నూనె వేడి చూపే గేజీ ముల్లు మాత్రం 238 డిగ్రీలకు పోయింది. మా ఫారెన్‌హీట్ లెక్కలో నీళ్లు మరిగేది 212 దగ్గర. నూనె 210 దాటి ఎక్కువసేపు ఉంటే ఇంజిన్ పాడైనట్టేనని రోటరీ ఇంజిన్లు వాడేవాళ్లంతా చెప్పుకునే మాట. మళ్లీ ఎగిరాడు, మళ్లీ అంతే. వేసవి గడిచేకొద్దీ ముల్లు ఇంకా పైకి పోయింది.

"నీళ్లకు చాలిన గాలి నూనెకు చాలదా?" అన్నాడు ఎల్మో. "ముల్లు అబద్ధం చెప్తోందేమో బావా."

"పొద్దున్నే చూస్తున్నాగా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బయట ఎంత వేడి ఉందో సరిగ్గా అంతే చూపిస్తోంది. ముల్లు బానే ఉంది. తప్పు నీ గొట్టంలోనే."

మాటకు మాట పెరిగింది. గోడకు ఇవతల నేను రెంచి పట్టుకుని కదలకుండా నిలబడ్డాను.

"హోటళ్లలో చల్లగాలి తోలుకునేవాడికి నా ప్రాణం అప్పజెప్పాను చూడు, నాదీ బుద్ధి తక్కువ" అన్నాడు వెర్నన్.

తర్వాత పనిముట్లు ఒక్కొక్కటే డబ్బాలో పడుతున్న చప్పుడు వినపడింది. ఎల్మో మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. పండగలకు అక్క ఇంటికి రావడం కూడా మానుకున్నాడు.

వెర్నన్ గొట్టాన్ని కత్తిరించి నోరు పెద్దది చేశాడు. తర్వాత మొత్తం ఊడబీకి ముక్కలు చేసి తుక్కులో పారేసి, రెండింతల కూలరు బిగించాడు. విమానం వేగం తగ్గింది. ముల్లు కాస్త దిగింది గానీ అతని భయం దిగలేదు. చివరికి రోటరీని దింపేసి మామూలు విమాన ఇంజిన్ పెట్టుకున్నాడు. "తీసుకుపో, దీని మొహం చూడలేను" అని ఆ ఇంజిన్‌ను గేజీలతో సహా నాకిచ్చేశాడు.

మరుసటి వసంతంలో మా షెడ్డు ముందు అందరం కలిసి క్రాఫిష్ రొయ్యలు ఉడకబెట్టుకుంటున్నాం. పెద్ద కుండలో నీళ్లు తెర్లుతున్నాయి, ఇంకా మసాలా పడలేదు. నా బల్ల మీద ఆ నూనె గేజీ బ్యాటరీకి కలిపి ఉంది. ముల్లు కదులుతుందో లేదో చూద్దామని దాని సెన్సరును నీళ్లలో ముంచాను.

ముల్లు 212 దగ్గర ఆగలేదు. 260 దాటింది.

"ఆ నీళ్లు పారబోసి కడిగి మళ్లీ పెట్టు. నీ నూనె కంపు మాకొద్దు" అంది ఒడీల్ నవ్వుతూ. వెర్నన్ మాత్రం నవ్వలేదు. వంటింటి థర్మామీటరు తెప్పించి పక్కన పెట్టాడు. మళ్లీ ముంచమన్నాడు. మళ్లీ అంతే. ఆ సెన్సరు వేరే రకం గేజీకి సరిపోయేది. చల్లగా ఉన్నప్పుడు లెక్క సరిపోతుంది, వేడెక్కేకొద్దీ ముల్లు ఎక్కువ చూపిస్తుంది.

"అయితే దానికి జ్వరమే లేదు" అన్నాడు వెర్నన్. ఆ రోజు అతను ఏమీ తినలేదు.

ఆదివారం ఎల్మో ఇంటికి నన్నూ తోడు రమ్మన్నాడు. ఎల్మో వరండాలో కూర్చుని ఉన్నాడు. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, కీళ్లవాతం. వెర్నన్ గేజీ సంగతంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

"తప్పు నాదే. నీ గొట్టం సరిగ్గానే ఉంది ఎల్మో."

ఎల్మో అంతా విన్నాడు. "అదెక్కడుంది వెర్నన్?" అని అడిగాడు. బావా అనలేదు.

"కోసేశాను. తుక్కుబండి వాడు పట్టుకుపోయాడు."

"ఊడదీసి నా వాకిట్లో పడేసినా బాగుండేది."

"రేకు నేను తెస్తాను. ఎట్లా కొట్టాలో చెప్పు, నేను కొడతాను. మళ్లీ చేద్దాం."

ఎల్మో చేతులు ఎత్తి చూపించాడు. పిడికిలి సగమే మూసుకుంది. "అది నోటితో చెప్తే వచ్చేది కాదు. ఈ చేతులు చేసేటప్పుడు నాకూ తెలిసేది, ఇప్పుడు నాకే తెలీదు." తర్వాత కాఫీ ఇచ్చాడు. ముగ్గురం వానల గురించి మాట్లాడుకున్నాం.

ఏడాది తర్వాత ఆ ఇంజిన్‌ను నా విమానంలో పెట్టాను. సరైన సెన్సరు పెట్టినా నూనె కొంచెం వేడిగానే ఉండేది. ఈసారి తప్పు గేజీది కాదు, మొరటుగా నేను కొట్టుకున్న గొట్టానిదే. ఒకసారి వచ్చి చూడమని ఎల్మోకు ఫోన్ చేశాను.

"వెర్నన్ లేని రోజు చెప్పు" అన్నాడు.

శనివారం రమ్మన్నాను. వెర్నన్‌కు నేనేమీ చెప్పలేదు, ఒడీల్ చెప్పి ఉంటుంది. ఆ శనివారం వెర్నన్ పెందలాడే వచ్చి, తన షెడ్డుకు తాళం వేసి, ఎటో వెళ్లిపోయాడు. ఎండెక్కాక ఎల్మో వచ్చాడు. మూసి ఉన్న వెర్నన్ షెడ్డు తలుపు వంక ఒకసారి చూశాడు. నా విమానం ముందు మెల్లగా వంగి, వంకర వేళ్లు గొట్టం నోట్లో పెట్టి లోపలంతా తడిమాడు.

"ఈ అంచు మరీ పదునుగా ఉంది" అన్నాడు. "గుండ్రంగా చెయ్యి."