చీపురుకర్ర బిరడాలు

తుపాకీ గొట్టం చివర, గురి చూసే బొడిపె కింద, ఎండిన రక్తం ఉంది. మసి దాన్ని గోటితో గీకి, నూనెగుడ్డతో తుడిచి, కిటికీ వెలుగులో పట్టి చూశాడు. రక్తం కింద ఇనుము గుంట పడింది. ఉప్పునీటి కన్నా రక్తమే ఇనుమును త్వరగా తింటుంది. ఎవరి తల పగిలిందో తుపాకీ తెచ్చిన కాపలావాడు చెప్పలేదు. మసి అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవర్నీ అడగలేదు.

మసి అతని పేరు కాదు. అరచేతులు, గోళ్ళు, మెడ ముడతలు నల్లబడి ఏ సబ్బుకూ లొంగకపోతే వీధి పెట్టిన పేరు. తుప్పు నుంచి కాచేందుకు తుపాకీ గొట్టాలకు నలుపు ఎక్కించడం అతని పని. మందు రాసి తుప్పు పట్టనిస్తాడు. ఆ తుప్పును నీళ్ళలో మరిగిస్తే నల్లబడుతుంది. తీగబ్రష్షుతో రుద్ది మళ్ళీ మందు రాస్తాడు. ఒక్కో గొట్టానికి పది రోజులు. మరిగేటప్పుడు లోపలికి నీరు పోకుండా రెండు కొసలకూ చెక్క బిరడాలు బిగిస్తాడు.

ఆ బిరడాలు చెక్కింది అతని భార్య. ఒకరోజు ఆకుపచ్చ రంగు వేసిన చీపురుకర్ర విరిగేదాకా ఆమెను కొట్టాడు. మర్నాడు ఆమె ఆ ముక్కలు ఏరి, కూరలు కోసే కత్తితో చెక్కి బల్ల మీద పెట్టింది.

"బిరడాలు అరిగిపోయాయన్నావుగా," అంది. అంతే.

కొన్నేళ్ళకు జ్వరంతో పోయింది. కొట్టడానికి ఎవరూ లేక అతను మానేశాడు. దాన్ని మంచితనం అనకూడదు.

మసి పనిచేసే తుపాకుల షాపు ఆమె తమ్ముడిది. చిన్నప్పుడు మసి దగ్గరే పని నేర్చుకున్నాడు. అక్కను కొట్టినవాణ్ణి క్షమించలేదు. పని తెలిసినవాడు మరొకడు దొరకక ఉంచుకున్నాడు. ఈమధ్య ఉప్పుతొట్టి, అంటే ఘాటైన క్షార లవణాలు కాగే ఇనుప తొట్టి, కొన్నాడు. అందులోని మందు మరిగే నీటికంటే చాలా వేడి. ముంచితే అరగంటలో గొట్టం నల్లబడుతుంది.

కిటికీ పక్కన జానెడు గొట్టం ముక్కలు నాలుగు తాడుకు వేలాడుతున్నాయి. ఒకటి మసి నలుపు, ఒకటి తొట్టి నలుపు, ఒకటి బూడిదరంగు ఫాస్ఫేట్ పూత, చివరిది ఎదుటి షాపువాడు పొయ్యిలో కాల్చి ఇచ్చిన పెయింటు. పన్నెండు రోజులుగా వాటి మీద రెండు పూటలా ఉప్పునీరు చల్లారు. తన తుపాకులన్నిటికీ ఏది కావాలో కాపలా కంపెనీ మేనేజరు ఈరోజు తేలుస్తాడు.

"తొట్టి గెలిచిందా, నీ బల్ల వీధిలో ఉంటుంది బావా," అన్నాడు బావమరిది పొద్దున్నే. "బల్లతో పాటు నువ్వూ."

పదకొండింటికి మేనేజరు వచ్చాడు. మసి ముక్క మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. తొట్టి ముక్క నిండా తుప్పు. ఫాస్ఫేట్ ముక్క అంచులు గోధుమరంగుకు తిరిగాయి. పెయింటు ముక్క మాత్రం, ఒక సన్నటి గీత తప్ప, వేలాడదీసినప్పటిలాగే ఉంది.

"చేసేవాడివి నువ్వు చెప్పు పెద్దాయనా. ఏది నిలుస్తుంది?"

"మొదటిది నాదే. రోజూ నూనెగుడ్డ తగిలితే ఇరవై ఏళ్ళుంటుంది. మీవాళ్ళు తుడుస్తారా?"

"మావాళ్ళు మొహమే కడుక్కోరు."

"అయితే నాలుగోది తీసుకోండి. మేకుతో గీశాను, చూడండి. గీతలోనే తుప్పు, పక్కకు పాకలేదు. తొట్టి నలుపు నాదానికన్నా ముందే పోయింది."

ఇనుము గురించి అతను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అబద్ధాలన్నీ ఇంట్లో చెప్పాడు.

మేనేజరు ఫోను మాట్లాడడానికి ముందు గదిలోకి వెళ్ళాడు. బావమరిది తొట్టి ముక్కను తాడు నుంచి లాగి మసి నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి అరచేతిలో పడింది.

"మా అక్కకూ ఇలాగే ఊడింది. గుర్తుందా?"

"ఉంది. పైపన్ను."

బావమరిది ముందు గది వైపు తిరిగి గొంతు పెంచాడు. "నూనె పెట్టకుండా వేలాడదీస్తే ఏదైనా చస్తుంది సార్. అరగంట కూర్చోండి, తొట్టిలోంచి ఒకటి తీసి చేతికిస్తా."

ఒక గొట్టం కడిగాడు. విదిలించాడే గాని ఆరబెట్టలేదు. కోపంలో వేళ్ళు చిన్నప్పుడు నేర్చిందే చేశాయి. బావమరిది మసి బల్ల మీంచి ఆ చీపురుకర్ర బిరడాలు రెండూ తీసి కొసలకు దిగ్గొట్టాడు. మరిగే నీటికి అది పద్ధతి. ఉప్పుతొట్టికి కొసలు తెరిచే ఉంచాలి. లోపల చిక్కిన తడి ఆ వేడికి ఆవిరై, గొట్టం పేలుతుంది.

మసి కుళాయి దగ్గర రక్తం ఉమ్మి తిరిగి చూశాడు. గొట్టం ఏటవాలుగా తొట్టిలోకి దిగుతోంది.

"బిరడాలు తియ్యరా."

"నీ నోరు ఇంకా పగల్లేదా బావా?"

మసి మూడు అంగల్లో వచ్చి రెండు చేతులతో అతని ఛాతీ మీద తోశాడు. భార్యను గోడకేసి తోసేది అలాగే. బావమరిది వీపు వెళ్ళి గోడకు తగిలింది. అతను నిలబడ్డ చోట ఇప్పుడు మసి ఉన్నాడు.

చప్పుడు ఒక్కటే వచ్చింది. కాగే మందు మసి ముఖం మీద, ఛాతీ మీద పడి తొట్టి సగం ఖాళీ అయింది.

బండి వచ్చేదాకా అతని మీద కుళాయి నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఆసుపత్రిలో మసి ముఖానికి గుడ్డ చుట్టారు, నోటి దగ్గర మాత్రం వదిలారు.

"నీకు తగల్లేదుగా?" అన్నాడు మసి, పక్కన కూర్చున్న బావమరిదితో.

"లేదు."

"బల్ల మీది తుపాకీ తుడవలేదు. గుంట పెరుగుతుంది."

"తుడుస్తాలే."

మసి క్షమించమని అడగలేదు. బావమరిది క్షమించానని అనలేదు. నాలుగున్నరకు నర్సు వచ్చి, చేయి పట్టుకు చూసి, దుప్పటి ముఖం మీదికి లాగింది.

మర్నాడు తొట్టి కడిగినప్పుడు ఒక బిరడా అడుగున మెత్తబడి దొరికింది. రెండోది పైకప్పు రేకును చీల్చుకుని అక్కడే ఇరుక్కుంది. దాని కొసన చీపురుకర్ర ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.