వంతెన మధ్యలో కొండమ్మ

నల్లటి తునకలు గాలిలో తేలుతున్నాయి.

ఊరి అవతల ఎక్కడో చెరకు నరికిన చేలో ఎండాకు తగలబెట్టారు. కాలిన ఆకు తునకలు — పల్చగా, వంకరగా, బరువే లేనట్టు — ఇళ్ళ కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని బిందెల్లో దిగుతున్నాయి. చూస్తే ఇంకా ఆకే. ఈనె కూడా కనిపిస్తుంది.

ముట్టుకుంటే పొడి.

సంధ్యారాణి తన చున్నీ మీద వాలినదాన్ని ముట్టుకోలేదు. అలాగే నడిచింది. ముందు హరిబాబు. పక్కన సత్యశ్రీ. చోడవరం సందుల్లో ముగ్గురూ నడుస్తున్నారు. హరిబాబు చేతిలో గుడ్డసంచీ.

సంచీలో ఆట.

ఆ సంచీ ముడి విప్పక రెండు చెరకు పంటలు దాటిపోయాయి.

అది చెప్పుకుంటూ ఆడే ఆట. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. ఇదిగో అడవి... ఇదిగో వాగు... మీ వెనక తోడేళ్ళు... మీరేం చేస్తారు? తక్కినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మనిషి అవుతారు. ఏం చేస్తారో నోటితో చెబుతారు. జరిగిందో లేదో పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక. వేలి కణుపంత.

విశాఖలో ఇంజనీరింగు చదువుతూ భానుప్రకాష్ పట్టుకొచ్చాడు దాన్ని. ఇంగ్లీషులో ఉన్న ఆటని చోడవరం తెలుగులోకి దించాడు. రాక్షసులని చీడికాడ కొండల్లోకి తోలాడు. దేవరాపల్లి దాటాక జలాశయం అడుగున ఒక మునిగిన పట్నం కట్టాడు. కథ నడిపే పని మాత్రం తను తీసుకోలేదు. హరిబాబుకిచ్చాడు.

"నాకు దొంగతనం సెయ్యాలనుందిరా. నువ్వు దేవుడివైపో."

హరిబాబు జెరాక్సు షాపు పైగదిలో, ఆదివారం సాయంత్రాలు, హరిబాబు దేవుడయ్యేవాడు.

భాను గెద్ద అయ్యేవాడు. గోడలెక్కే దొంగ. ఎక్కడం తప్ప దిగడం గురించి ఆలోచించనివాడు.

సత్యశ్రీ మంత్రగత్తె. మంత్రం కన్నా నోరు ఎక్కువ పని చేసే మంత్రగత్తె.

సంధ్యారాణి కొండమ్మ.

సంధ్యారాణిని చూస్తే గట్టి గాలికి నిలబడుతుందా అనిపిస్తుంది. చిన్న బళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. ఎవరైనా గొంతు పెంచితే కళ్ళు దించుకుంటుంది. కొండమ్మ అలా కాదు. కొండమ్మ బురదలో దిగబడిన బండిని భుజంతో ఎత్తుతుంది. కొండమ్మ నడిస్తే దారి తప్పుకుంటుంది. కొండమ్మ ఎవరి ముందూ కళ్ళు దించదు.

"ఒసే, ఈవిడ నీలో ఎక్కడ దాక్కుందే ఇన్నాళ్ళు?" అని నవ్వేవాడు భాను.

ఆమె పాచిక అందుకునేది.

దాక్కున్నదాన్ని చూసినవాడు అతనొక్కడే. చూశాడని ఆమెకి తెలుసు. అంతవరకే. అంతకు మించి ఒక్క మాట కూడా ఎవరూ అనుకోలేదు.

వాళ్ళ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పుస్తకంలోనూ లేనిది. వాళ్ళే పెట్టుకున్నది.

రానివాళ్ళు నిద్రపోతారు.

నిద్రపోయినవాళ్ళని వదిలెయ్యకూడదు. మొయ్యాలి.

ఇంట్లో చుట్టాలొచ్చారనో, చెరకు బండి ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో ఇరుక్కుపోయిందనో, వారంవారం ఎవరో ఒకరు ఆగిపోయేవారు. ఆ వారం వాళ్ళ మనిషి ఆటలో నిద్రపోయేది. కొండమ్మ వీపు మీదికి ఎత్తుకునేది. అడవుల్లోంచి, వానల్లోంచి, తోడేళ్ళ మధ్యలోంచి మోసేది. మళ్ళీ వచ్చిన రోజు ఆ మనిషి లేవాలంటే తన పాచిక తనే వెయ్యాలి. ఇంకొకరు వేస్తే చెల్లదు.

మరొకటి కూడా ఉంది. ఎంత పడితే అంత.

ఒకసారి గెద్ద చావు అంచుకి వెళ్ళాడు. పడకూడనిది పడింది. హరిబాబుకి మనసొప్పలేదు. మళ్ళీ వెయ్యమన్నాడు. భాను లేచి చెప్పులేసుకున్నాడు.

"జాలి పడితే నానింక రాను. ఉన్నోడితో ఆడినట్టు ఆడండి."

ఆ రోజు నుంచి ఎవరూ జాలి పడలేదు.

ఆ ఆదివారం భాను రాలేదు.

అనకాపల్లి నుంచి బండి మీద వస్తున్నానన్నాడు. పొద్దు వాలింది. కింద వీధిలో దీపాలు వెలిగాయి. అతని ఫోను మోగుతోంది. ఎత్తడం లేదు.

"బండి మీదుండుంటాడు," అన్నాడు హరిబాబు.

"రానోడు తొంగుంటాడు. రూలు రూలే. మొదలెట్టెయ్," అంది సత్యశ్రీ.

నవ్వుతూ అతన్ని నిద్రపుచ్చారు.

కొండమ్మ ఎత్తుకుంది. ఎదురుగా తాళ్ళ వంతెన. కింద అడుగు కనపడని లోయ. మంత్రగత్తె ముందే దాటేసింది. అవతలి గట్టు మీద నిలబడి, పకోడీ నములుతూ, గెద్ద గురక పెడుతున్నాడంది. గురక పెట్టి వినిపించింది కూడా. హరిబాబు నవ్వీ నవ్వీ బల్ల మీద తల వాల్చాడు. సంధ్యారాణి నవ్వింది. చాలా గట్టిగా నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వడం అదే మొదలు.

రోడ్డు మీద అప్పుడు... వెనక దీపం లేని చెరకు ట్రాక్టరు. ట్రాలీ దాటి పొడుచుకొచ్చిన గడలు. మసక చీకటి. బండి.

హరిబాబు ఫోను మోగింది.

ఆట వంతెన మధ్యలో ఆగిపోయింది.

ఆనాటి నుంచి భాను లేవలేదు. ఆనాటి నుంచి కొండమ్మ అక్కడే ఉంది. వంతెన మధ్యలో. ముందుకి కాదు, వెనక్కి కాదు. వీపు మీద గెద్ద.

పిల్లల పలకల మీద వంగినప్పుడు సంధ్యారాణి భుజాలు లాగేవి. బస్సులో నిలబడినప్పుడు లాగేవి. ఒత్తిగిలి పడుకుంటే ఇంకా లాగేవి. మందు రాసుకోమంది వాళ్ళమ్మ. రాసుకుంది.

మందు కొండమ్మకి అందదు.

కబురు పెట్టింది భాను వాళ్ళమ్మ, అప్పలనరసమ్మ. సంధ్యారాణి వాళ్ళది అదే వీధి. వీధి వరసకి అత్త. అయినా ఇన్నాళ్ళూ ఆ గడప తొక్కలేదు.

"రాండమ్మా. రా బాబూ. ఒసే సంధ్యా, ఇలాగైపోయేవేటే? తిండి తింటన్నావా, నేదా?" అంది గుమ్మంలో ఎదురొచ్చి.

లోపల ఫినాయిలు వాసన. దాని అడుగున ఇంకో వాసన. కిటికీ పక్కన మంచం. ముక్కులో గొట్టం. మంచం కోడుకి వేలాడే మూత్రం సంచీ, సగం నిండి. గడ్డం నున్నగా గీసి ఉంది. పాపిడి తీసి దువ్వి ఉంది, చిన్నప్పుడు బడికి పంపినట్టు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. కిటికీ వైపు.

సత్యశ్రీ గడప దగ్గరే ఆగిపోయింది. విశాఖలో బట్టల షాపులో పొద్దస్తమానం మాట్లాడే పిల్ల. గుమ్మం చెక్కని గోటితో గీకుతోంది.

అప్పలనరసమ్మ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది. దుప్పటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"డాట్రుగారు ఈడికేటీ ఇనపడదంటన్నారు. మా బావగారు జగ్గయ్య ఆశ ఒగ్గెయ్యమంటన్నాడు. నాకేటి తెల్సు బాబూ... నాను పిలిస్తే పలకడు. అదీ నిజవే. అయినా ఆటలో ఉంటే అన్నానికి పిలిచినా పలికీవోడు కాదు కదా ఈడు. మీ ఆటకీ పలకలేదంటే ఇంక దేనికీ పలకడు." దుప్పటి అంచు మడిచింది. "అది తేలిపోవాల నాకు."

అది తేలిపోవాలి.

అందుకే పిలిచింది. అందుకే వచ్చారు.

హరిబాబు సంచీ ముడి విప్పాడు. స్టూలు మీద పటం పరిచాడు. మడతల దగ్గర చిరిగి, కొండలు ఒక ముక్కలో, లోయ ఒక ముక్కలో. చిరుగులు దగ్గరికి జరిపాడు. పెదాలు తడుపుకున్నాడు.

"వంతెన..."

నీళ్ళు తాగాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు.

వంతెన మధ్యలో కొండమ్మ. వీపు మీద గెద్ద. తాడు పురి విడిపోతోంది... ఒక్కో పోగూ... ఒక్కో పోగూ. ఇద్దరి బరువు ఇంకాసేపు మొయ్యదు.

హరిబాబు ఆగాడు. ఎవరూ అనని మాట గదిలో నిలబడింది.

భాను వచ్చినట్టా? రానట్టా?

రానట్టైతే నిద్రే. కొండమ్మ మోస్తుంది. ఇద్దరి తరఫునా కొండమ్మే వేస్తుంది.

వచ్చినట్టైతే లేవాలి. తన పాచిక తనే వెయ్యాలి. వీపు దిగి అవతలి గట్టుకి దూకాలి. పది దాటితే గట్టు. దాటకపోతే లోయ.

"ఇక్కడే ఉన్నాడు కదరా," అంది సత్యశ్రీ, గడప దగ్గర నుంచే. "ఉన్నోడికి డైసు ఇవ్వాల కదా."

సంధ్యారాణి పాచిక తీసింది. అతని అరచేతిలో పెట్టింది.

అరచెయ్యి వెచ్చగా ఉంది.

వెచ్చగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఎందుకనుకోలేదో తెలియదు. వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచింది. ముడిచినట్టే ఉన్నాయి. మణికట్టు కింద తన చెయ్యి వేసి, మంచం అంచు దాటించి, పట్టుకుంది.

"ఎయ్యి బాబూ," అంది అప్పలనరసమ్మ. "ఎయ్యి నాన్నా."

వీధిలో ఆటో ఆగింది. ఎవరో దిగారు. ఆటో పోయింది.

"నీ డైసేరా," అన్నాడు హరిబాబు.

కిటికీలోంచి కాలిన ఆకు వాసన. తీపి, చేదు కలిసిన వాసన. గోడ మీద ఎండ పైకి పాకింది. సంధ్యారాణి మోచెయ్యి బరువెక్కింది. చెయ్యి మార్చుకోలేదు. చెయ్యి వణకడం మొదలైంది... ఆపుకుంది... మళ్ళీ మొదలైంది.

పాచిక జారింది.

నేల మీద టక్కుమంది. దొర్లింది. మంచం కిందికి పోయింది.

"ఏసేడు!" అప్పలనరసమ్మ లేచి నిలబడింది. "ఏసేడే! సూసేరా? నా బాబు ఏసేడు!"

హరిబాబు మోకాళ్ళ మీద వంగాడు. మంచం కింద చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. పడింది పడినట్టే ఉండాలి.

"నాలుగు," అన్నాడు.

నాలుగు అంటే లోయ.

అప్పుడు అందరూ సంధ్యారాణి వైపు చూశారు. మణికట్టు పట్టుకున్నది ఆమె. ఏ చెయ్యి కదిలిందో తెలిస్తే ఆమెకే తెలియాలి.

"నువ్వు సెప్పు సంధ్యా. ఆడే కదా? ఆడే కదే?"

"నీ చెయ్యి అదిరుంటే సెప్పెయ్," అన్నాడు హరిబాబు నేల మీద నుంచే. "అదిరితే ఇది సెల్లదు. మళ్ళీ..." ఆగిపోయాడు. దేవుడి గొంతు కాదది. బతిమాలుతున్నవాడి గొంతు.

ఆమె వెతికింది. తన చేతిలో వెతికింది. చర్మం కింద ఏదో మెదిలింది. నీటి అడుగున చేప పక్కకి తిరిగినట్టు. మెదిలిన మాట నిజం. తన నరమా... అతనిదా... రెండు చేతులూ ఒకే వెచ్చదనంలో ఉన్నాయి. ఎక్కడ తను ఆగి, ఎక్కడ అతను మొదలయ్యాడో...

తెలియలేదు.

నా చెయ్యే అదిరిందంటే — చెల్లదు. గెద్ద ఆమె వీపు మీదే ఉంటాడు. ఈ తల్లికి తేలిపోతుంది, ఇంక పలకడని.

అతనే వేశాడంటే — ఈ తల్లికి కొడుకుంటాడు. గెద్ద ఉండడు.

జాలి పడితే నానింక రాను.

"ఆడే ఏసేడత్తా," అంది సంధ్యారాణి.

కళ్ళు దించుకోలేదు.

అప్పలనరసమ్మ కొడుకు పాదాలు పట్టుకుని ఏడ్చింది. నవ్వింది. "సెప్పేను కాదా... నాను సెప్పేను కాదా... రేపే మా బావగారికి సెప్తాను. ఆశ ఒగ్గీమంటాడా నన్ను!"

హరిబాబు నేల మీదే కూర్చున్నాడు. గోడకి ఆనుకున్నాడు. ఎంత పడితే అంత. చాలా మెల్లగా, నిద్రపోతున్న పిల్లాడు లేస్తాడేమో అన్నట్టు, చెప్పాడు.

గెద్ద కళ్ళు తెరిచాడు.

కొండమ్మ వీపు దిగాడు. తాడు మీద నిలబడ్డాడు. ఒళ్ళు విరుచుకున్నాడు.

దూకాడు.

వేళ్ళు గట్టుకి తగిలాయి...

తగిలాయి. అందలేదు.

అరవలేదు వాడు. అంతే.

సత్యశ్రీ గడప దాటి బయటికి వెళ్ళిపోయింది. వాకిట్లో ఆమె ముక్కు చీదడం వినిపించింది.

"ఎంత పడింది బాబూ?" అడిగింది అప్పలనరసమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"నాలుగమ్మా."

"నాలుగంటే మంచిదే కదా?"

హరిబాబు మంచం కింది పాచిక వైపు చూశాడు.

"మంచిదేలే," అంది ఆవిడే. కొడుకు దుప్పటి సర్దింది.

సంధ్యారాణి భుజాల మీద ఏమీ లేదు. ఇన్నాళ్ళకి, ఏమీ లేదు. చెయ్యి వెనక్కి పెట్టి మెడ కింద తడుముకుంది. తేలిగ్గా ఉంది. ఆ తేలికతో ఒక్క అడుగు ఎలా వెయ్యాలో కొండమ్మకి తెలియలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు వీపు మీద ఉండేవారు.

హరిబాబు ఆమె వైపు చూశాడు. ఆట ఇంకా అయిపోలేదు. తాడు ఇంకా తెగలేదు. అడగక తప్పదు, అతను దేవుడు కాబట్టి.

"కొండమ్మా... నువ్వేం సేస్తావు?"

వంతెన ఊగుతోంది.

సంధ్యారాణి మంచం వైపు తిరిగింది. భాను చెయ్యి ఇంకా మంచం అంచు మీదే ఉంది. అరచెయ్యి తెరుచుకుని, పైకి.

కిటికీలోంచి నల్లటి తునక ఒకటి వచ్చింది. తొందర లేకుండా దిగింది. ఆ అరచేతిలో వాలింది. పల్చగా, వంకరగా. ఈనె కూడా కనిపిస్తోంది.

గాలి లేదు.

తునక కదిలింది... కదిలినట్టే ఉంది...

ముట్టుకుంటే పొడి.

ఆమె ముట్టుకోకుండా చూస్తూ ఉంది.