మూతి కట్టిన కత్తెర

నెవెనా బట్టలు కుట్టే మనిషి. రోదోపి కొండల్లో వాళ్ళ ఊళ్ళో నవంబరు నెలలో తోడేళ్ళ రోజులు వస్తే ఆడవాళ్ళంతా కత్తెరల మూతికి ఎర్రదారం చుట్టి మూలన పెడతారు. కత్తెర నోరు తెరిస్తే తోడేలూ నోరు తెరుస్తుందట. నెవెనా మాత్రం ఏ యేడూ పని ఆపింది లేదు. నిరుడు ఆ రోజుల్లోనే పక్కింటి స్లావ్చో ముసలాయన గొర్రెలు రెండు పోయాయి. అవి పోయింది ఎక్కడో కొండ మీద, ఈమె కత్తిరించింది కింద తన ఇంట్లో. అయినా పాపం ఈమె మెడకే చుట్టుకుంది.

అలాంటి మనిషి తోడేలు రక్తం కలిసిన కుక్కను తెచ్చి పెంచుకుంటానంటే ముసలాయన ఊరుకుంటాడా? అసలాయన తోడేలు పేరు కూడా నోటితో అనడు.

"నీ కత్తెర చాల్లేదా అమ్మాయ్? ఇప్పుడు ఏకంగా దాన్నే తెచ్చి నా గోడ పక్కన పెడతావా?"

"కుక్కే తాతా. సగమే అది."

"ఏ సగం? నోరున్న సగమా?"

నెవెనాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే ఆయన ఒప్పుకుంటే తప్ప ఆ కుక్క రాదు. దిక్కులేని జంతువుల్ని సాకే ఆసెన్ ఆ మాట మొహం మీదే చెప్పాడు.

"ముద్దొస్తోందని తీసుకెళ్తారు, సోఫా చీల్చిందని తెచ్చి పడేస్తారు. ఇప్పటికి రెండిళ్ళు తిరిగొచ్చిందండీ ఇది. మూడోసారి కూడా తిరిగొస్తే ఇంక మనిషన్నవాణ్ణి నమ్మదు. పక్కింటాయన వద్దంటే మాత్రం నేనే వచ్చి తీసుకుపోతా."

దాని పేరు మగ్లా, అంటే పొగమంచు. వేసవంతా నెవెనా ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి దాని దొడ్లో ఊరికే కూర్చునేది. పిలవలేదు, ముట్టుకోలేదు. ఒకనాడు అదే వచ్చి ఆమె వీపుకు వీపు ఆనించి పడుకుంది. ఆ రోజు తిరుగు బస్సులో నెవెనా ఏడ్చింది. ఆ తర్వాత పెరట్లో మనిషెత్తును మించిన ఇనుప వల కంచె వేయించింది, తవ్వుకుని పోకుండా భూమి లోపలికి కూడా వల దింపించింది.

అదంతా గోడ మీంచి చూసిన స్లావ్చో చివరికి ఒక షరతు పెట్టాడు.

"సరే, తెచ్చుకో. కానీ ఈ యేడు ఆ రోజులన్నీ నీ కత్తెర మూతి కట్టెయ్యాలి. నాకు కనబడేట్టు."

మగ్లా ఇంటికొచ్చింది. నవంబరు రాగానే నెవెనా తన పెద్ద కత్తెరకు ఎర్రదారం చుట్టి, ముసలాయనకు కనబడేలా వీధి గేటుకే తగిలించింది. ఊళ్ళో ఇద్దరు పెళ్ళికొడుకుల కోట్లు చేతులు లేకుండా ఉండిపోయాయి. వాళ్ళ తల్లులు తిట్టిపోశారు. ఆమె ఆ మాటలన్నీ పడింది.

తోడేళ్ళ రోజులు ఇక ముగుస్తాయనగా ఒక ఉదయం మగ్లాను తిప్పుకొచ్చేసరికి గుమ్మంలో ఆ తల్లుల్లో ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడకు సర్దిచెప్పే హడావిడిలో నెవెనా కుక్కను దొడ్లోకి తోలి గడియ పెట్టిందే గానీ మెడపట్టీ తియ్యడం మరిచిపోయింది. కంచె లోపల పట్టీ ఉండకూడదని ఆసెన్ పదిసార్లు చెప్పిన మాట.

"అమ్మాయ్! ఉరి పడిందే! పరిగెత్తు!"

ఆ కేక స్లావ్చోది. మగ్లా కంచె ఎక్కబోయింది, పట్టీ తీగ కొనకు తగులుకుంది. వెనక కాళ్ళు నేలకందడం లేదు. నెవెనా పరిగెత్తుకెళ్ళి దాన్ని నడుం దగ్గర పట్టి పైకెత్తింది. ఎంత ఎత్తినా పట్టీ ఊడి రాలేదు. చేతులు వదిలితే ప్రాణం పోతుంది.

"తాతా, కత్తెర!" అంది. అన్న మరుక్షణమే దాని మూతికున్న దారం గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఇచ్చిన మాట అది.

ముసలాయన గేటు దగ్గరికి వెళ్ళి కత్తెర అందుకున్నాడు. ముడి విప్పుతూ కూర్చోలేదు. పళ్ళతో పటుక్కున కొరికి, దారం ఉమ్మేసి, కంచె అవతలి నుంచి వలలోకి కత్తెర దూర్చి పట్టీని కసుక్కున తెంపాడు. మగ్లా ఆమెతో సహా నేల మీద పడింది. దగ్గి, లేచి, ఒళ్ళు దులుపుకుని, వచ్చి ఆమె వీపు వెనక దాక్కుంది.

నెవెనా చెయ్యి వెనక్కి చాపి దాని మెడ తడిమి చూసింది.

"తప్పు నాదే తాతా. ఆసెన్‌కి ఫోన్ చేసి చెప్పేస్తాను. దాచను. తీసుకుపోతానంటే..."

"చెప్పు. పక్కింటివాడు వద్దనలేదని కూడా చెప్పు."

ఆయన వంగి మట్టిలోంచి ఎర్రదారం ఏరి మళ్ళీ కత్తెరకు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి చుట్టి, ఆగి, కొండ వైపు చూసి నిట్టూర్చాడు.

"నా ఖర్మ! ఈ యేడు గొర్రె పోతే నిన్ను తిట్టడానిక్కూడా లేదు కదే!"